గరిటెలో కరిగిన ఉప్పు

నేను టీ గదిలో అడుగు పెట్టేసరికి గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. అప్పటికే ఇన్‌స్పెక్టర్ కేసు తేల్చేశాడు.

ఆయన్ని సొంత కానిస్టేబుళ్ళే చాటుగా ‘ఫుల్‌స్టాప్’ అంటారు. మొదటి వాక్యం రాయకముందే చివరి చుక్క పెట్టేసే మనిషి. ఆయన పెట్టిన చుక్కలు రెండింటిని ప్రైవేటు డిటెక్టివ్‌గా నేను ఇంతకుముందు చెరిపేశాను. ఆ సంగతి పేపర్లో పడింది. అప్పట్నుంచీ నన్ను చూస్తే ఆయన మొహం ఆముదం తాగినట్టు అయిపోతుంది.

“రావయ్యా ప్రైవేటూ,” అన్నాడు. “సరిగ్గా భోజనాల వేళకొచ్చావు గానీ, ఇక్కడ గిన్నెలు కూడా కడిగేశాం. ఒంటిగంటకి ఈవిడ జీపెక్కుతుంది. ఈలోగా పలకరించుకోవాలంటే పలకరించుకో.”

‘ఈవిడ’ గది మూల ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. అరవై దాటిన చిన్న మనిషి. మోకాళ్ళ మీద బోర్లించిన చేతుల నిండా పాత యాసిడ్ మచ్చలు. నన్ను చూడగానే లేవబోతే కానిస్టేబుల్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

“ఒరేయ్ పేలుడూ, వచ్చావా!” అంది. “నా సంగతి తర్వాత. అల్లుడెలా ఉన్నాడో చెప్పు ముందు.”

ఆ పేరు పెట్టి పిలిచే హక్కు ఈ భూమ్మీద ఒక్కరికే ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందట నేను పల్లె నుంచి కాలేజీకి వచ్చి కెమిస్ట్రీలో రెండుసార్లు తప్పాను. లెక్చరర్లు చెప్పేది చెవి దాకా వచ్చేది, లోపలికి దిగేది కాదు. ఒకరోజు ల్యాబులో ఫ్లాస్కు పేల్చేసి, సీసాల అలమర వెనక నిలబడి ముక్కు చీదుకుంటుంటే, పరీక్షనాళికలు కడిగే అటెండరొకామె చూసింది. తిట్టలేదు. ఒక గరిటె, చిన్న స్టవ్వు, గ్లాసుడు నీళ్ళు, తీగలకి కట్టిన బుడ్డి బల్బు తెచ్చి నా ముందు పెట్టింది. నలభై రోజులు, తన డ్యూటీ అయిపోయాక రోజూ గంట, తన బస్సు తప్పిపోతున్నా కూర్చుని నేర్పింది. అందరూ ఆమెని ‘బల్బు పిన్ని’ అనేవాళ్ళు. నేను పాసయ్యాను. కెమిస్ట్రీ చాలావరకు మర్చిపోయాను గానీ ఆమె నేర్పిన చూపు మాత్రం నాకు తిండి పెడుతోంది: దాని పేరేమిటని అడక్కు, వేడి తగిలితే ఏం చేస్తుందో, నీళ్ళలో పడితే ఏం చేస్తుందో చూడు. మనుషుల విషయంలోనూ నేను చేసేది అదే. నా కడుపులో పడే ప్రతి ముద్దలో ఆ నలభై గంటలకి వాటా ఉంది.

రిటైరయ్యాక ఆమె ఈ పనిముట్ల ఫ్యాక్టరీలో టీ గది చూసుకుంటోంది. అల్లుడిక్కడే కొలిమి మేస్త్రి. ఇప్పుడా మేస్త్రి ఆస్పత్రిలో ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. అతనికి విషం పెట్టింది పిన్నేనని ఇన్‌స్పెక్టర్ అంటున్నాడు. చెల్లాయి, అంటే పిన్ని కూతురు, ఆస్పత్రి నుంచి నాకు ఫోన్ చేసి చెప్పింది ఒకే మాట: “అన్నయ్యా, ఈయనో అమ్మో, ఇద్దర్లో ఒకరినైనా నాకు మిగల్చు.”

“బావ బతికే ఉన్నాడు పిన్నీ,” అన్నాను. అంతకన్నా నాకూ తెలీదు.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఒక కాగితం పొట్లం విప్పాడు. లోపల తెల్లటి పొడి. “ఈవిడ చేతిసంచీలో దొరికింది. బొద్దింకల మందు. నిన్న సాయంత్రం అల్లుడు ‘ఈ వయసులో నీకీ పనెందుకు, మానేసి ఇంట్లో కూర్చో’ అంటే, ఈవిడ ‘ఇంకోసారా మాటంటే నోరు పడిపోయేలా చేస్తా’ అంది. పదిమంది విన్నారు. ఇవాళ ఆయనకి నిమ్మరసం ఇచ్చింది. నోరు పడిపోయింది. ఇంకేం కావాలి?”

“అన్నాను బాబూ,” అంది పిన్ని. “నాకు పనంటే ఇష్టం. అల్లుడంటే కూడా ఇష్టమే. రెండూ ఒకేసారి నోట్లోంచి రావు కదా.”

తలుపు దగ్గర స్టోర్ బాబు నిలబడి ఉన్నాడు. సామాన్ల గది తాళాలు చూసే మనిషి, నడివయసు, మెత్తటి గొంతు. పొద్దుట్నుంచీ ఏడ్చినట్టు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చేతిలో పిన్ని కోసం తెచ్చిన మంచినీళ్ళ సీసా.

“జరిగింది టైములతో సహా చెప్పండి,” అన్నాను.

“పదకొండుకి బెల్లు కొట్టారండి. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకి చెమటలు ధారగా కారిపోతాయి కదా, అందుకని ఆ వేళకి ఉప్పూ చక్కెరా వేసిన నిమ్మరసం ఇవ్వడం ఇక్కడి పద్ధతి. పదకొండూ అయిదుకల్లా పదమూడుమంది తాగేశారు. మేస్త్రి గారు పదింటికో చువ్వల లాటు తొట్టెలో దింపారు, దాన్ని వదిలి రాలేక పదకొండూ పదికొచ్చారు. పెద్దమ్మ గ్లాసిచ్చిందట. తాగి వెళ్ళిపోయారట. పదకొండూ ముప్ఫై అయిదుకి తొట్టె పక్కనే కూలిపోయారు. పెదాలు నేరేడుపండులా అయిపోయాయండి.” అతను సీసాని పిన్ని పీట పక్కన పెట్టాడు. “పెద్దమ్మ అలాంటిది కాదండి. నాకు జ్వరమొస్తే గంజి కాచి పోసిన చెయ్యి అది.”

“తొట్టె అంటే?”

“ఎర్రగా కాల్చిన ఉక్కుని నీళ్ళలో ముంచితే పగులుతుందండి. అందుకని కరిగించిన ఉప్పులో ముంచుతాం. తినే ఉప్పు కాదు, అది వేరే. డ్రమ్ముల్లో వస్తుంది.”

“ఆ డ్రమ్ములు?”

“స్టోర్లో తాళం వేసి ఉంటాయండి. సీలు కూడా చెక్కుచెదరలేదు, వచ్చి చూసుకోండి.”

నేను ఆస్పత్రికి ఫోన్ చేశాను. డ్యూటీ డాక్టరమ్మ గొంతులో అలసట. “పోలీసులు బొద్దింకల మందన్నారు. దానికే చూస్తున్నాం. కడుపు కడిగాం. ఆక్సిజన్ పూర్తిగా పెట్టినా పెదాలు నీలంగానే ఉన్నాయి. నాకు అర్థం కావట్లేదు. కచ్చితంగా ఏది మింగాడో తెలిస్తే తప్ప...” ఆగింది. “టైము ఎక్కువ లేదండి.”

ఫోను పెట్టేసి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. “ఇరవై నిమిషాలివ్వండి. ఈ గదిలో ఉన్న తెల్లటి పొడులన్నీ చూడాలి.”

“అవన్నీ సీలు వేసి ల్యాబుకి పంపిస్తున్నా. నాలుగు రోజుల్లో రిపోర్టొస్తుంది.”

“నాలుగు రోజులకి రిపోర్టొస్తుంది సార్. మనిషి రాడు.”

“సాక్ష్యం మీద నిందితురాలి చెయ్యి పడనివ్వమంటావా? నా ఉద్యోగం నీకు చేదెక్కిందా?”

“పిన్ని చెయ్యి పడదు. ఆ పీట మీదే కూర్చుని చెబుతుంది. నేను చేస్తాను. ప్రతిదాంట్లో సగం మీరు ముందే తీసి సీలు వేసుకోండి. తప్పయితే మీ కేసు ఇంకా గట్టిపడుతుంది కదా.”

ఆ చివరి మాట ఆయనకి నచ్చింది. మీసం కింద నవ్వు దాచుకుని గడియారం చూశాడు. “పన్నెండూ ముప్ఫై. పన్నెండూ యాభై దాకా.”

నేను గది చూశాను. గోడకి మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో గ్లాసు. గ్యాసు స్టవ్వు. దాని పక్కన పెద్ద గిన్నె, అడుగు దాకా ఖాళీ. అరలో చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా, బొటనవేలంత పొడవున్న చిన్న గాజు సీసా, అందులోనూ ఉప్పే. బల్ల మీద మేస్త్రి తాగిన గ్లాసు. దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాను. అడుగున రెండు చుక్కల రసం, ఒక నిమ్మగింజ. ఇసుకలాంటి మడ్డి ఒక్క రవ్వ లేదు.

“దాన్నడిగి లాభం లేదు,” అంది పిన్ని మూల నుంచి. “అందులో పులుపూ తీపీ అన్నీ కలిసిపోయాయి. విడిగా ఉన్నవాటినే అడుగు. నా సంచీ ఇటు... కాదు కాదు, నువ్వే తియ్యి. అడుగున చూడు.”

సంచీ అడుగున పాత స్నేహితుడు కనిపించాడు: పాత ఫ్యూజు తాలూకు పింగాణీ దిమ్మ, దానికి బిగించిన రెండు ఇనప మేకులు, తీగలు, చదరపు బ్యాటరీ, బుడ్డి ఎర్ర బల్బు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మోసుకు తిరుగుతోంది.

“కుళాయి నీళ్ళు వాడకు, వాటికే కాస్త కరెంటు పాకుతుంది. బ్యాటరీలో పోసే నీళ్ళు కావాలి.”

స్టోర్ బాబు పరుగెత్తుకెళ్ళి నీళ్ళ క్యానూ, రెండు ఇనప గరిటెలూ తెచ్చాడు. ముందు ఉత్త నీళ్ళలో మేకులు ముంచాను. బల్బు వెలగలేదు.

“మంచిది. ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ గారి పొట్లం. ముందు వేళ్ళ మధ్య నలిపి చూడు.”

“జారుతోంది పిన్నీ. సబ్బు పొడిలా.”

“నీళ్ళలో వెయ్యి.”

వేశాను. సగం పైన తేలింది, మిగతాది అడుగున కూర్చుంది. ఎంత తిప్పినా కరగనని మొరాయించింది. మేకులు ముంచితే బల్బు కళ్ళు తెరవలేదు.

“చూశారా బాబూ,” అంది పిన్ని ఇన్‌స్పెక్టర్‌తో, క్లాసులో చెబుతున్నట్టు. “ఇందులో పరమాణువుల్ని పట్టి ఉంచేది సమయోజనీయ బంధం. అంటే ఇద్దరూ కలిసి ఎలక్ట్రాన్లు పంచుకుంటారు. నీళ్ళలో పడ్డా విడిపోరు, కాబట్టి కరెంటు మొయ్యడానికి ఎవరూ ఉండరు. పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల మధ్య పట్టు తక్కువ, అందుకే వేలికి జారుతుంది. బొద్దింకల కోసమే తెచ్చుకున్నాను, కాదనను. కానీ పాతిక నిమిషాల్లో మనిషిని పడేసేంత వేస్తే చల్లటి రసంలో ఇది ఎక్కడ కరుగుతుంది? గ్లాసు అడుగున బురదలా కనిపించాలి.”

ఇన్‌స్పెక్టర్ గ్లాసు వైపు చూశాడు. చుక్క పెట్టడానికి తెచ్చిన పెన్ను జేబులో పెట్టుకున్నాడు గానీ ఒప్పుకోలేదు. “మరయితే చక్కెరలో కలిపి ఉంటుంది.”

“చక్కెరా అడుగుదాం,” అన్నాను.

చక్కెర ఇట్టే కరిగింది, బల్బు వెలగలేదు. గరిటెలో వేసి స్టవ్వు మీద పెడితే నిమిషంలో కరిగి, గోధుమరంగుకి తిరిగి, పొగ లేచింది. గరిటెకి తగలకుండా ఆ పాకంలో మేకులు పెట్టినా చీకటే.

“ఇదీ పంచుకునే జాతే,” అంది పిన్ని. “అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు, ఏదో ఆనుకుని ఉంటాయి. కాస్త సెగ తగిలితే జారిపోతాయి. ఇది ఉత్త చక్కెర. ఆ గరిటె పక్కన పెట్టెయ్. మిగతావాటికి రెండో గరిటె వాడు, శుభ్రంగా తుడిచి. కలగలిసిందో, నీ పేరు సార్థకమవుతుంది.”

“బావ గ్లాసులోకి మిగతావాళ్ళ గ్లాసుల్లో లేనిదేమైనా వేశావా పిన్నీ?”

ఆమె ఖాళీ గిన్నె వైపు చూసింది. “గిన్నె ఖాళీ అయిపోయింది. అడుగున మిగిలింది చప్పగా ఉంటే ఆ చిన్న సీసాలో ఉప్పు వేశాను.”

ముందు పెద్ద డబ్బాలో ఉప్పు. నీళ్ళలో కరిగి బల్బుని భగ్గున వెలిగించింది. గరిటెలో పొడిగా వేసి మేకులు నొక్కితే వెలుగు లేదు. స్టవ్వు మీద పెట్టాను. చిటపటమంది, రెండు పలుకులు ఎగిరి ఇన్‌స్పెక్టర్ బూటు మీద పడ్డాయి. గరిటె అడుగు ఎర్రబడే దాకా ఉంచినా పలుకు పలుకుగానే ఉంది.

“ఇది అయానిక బంధం,” అంది పిన్ని. “ఒకడు ఎలక్ట్రాన్ ఇచ్చేశాడు, ఇంకొకడు పుచ్చుకున్నాడు. ప్లస్సూ మైనస్సూ ఇటుకల గోడలా పేర్చుకుని కూర్చున్నాయి. గోడలో ఇటుక కదల్లేదు, అందుకే పొడి ఉప్పులో కరెంటు పోదు. నీళ్ళలో వేస్తే గోడ విడిపోతుంది, ఎవరి దారిన వాళ్ళు నడుస్తారు, బల్బు వెలుగుతుంది. ఆ గోడని ఉత్త సెగతో కూల్చాలంటే ఎనిమిది వందల డిగ్రీలు కావాలి. గరిటెకీ స్టవ్వుకీ అంత శక్తి లేదు.”

“బాగుంది పాఠం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పన్నెండూ నలభై నాలుగు.”

చిన్న సీసా తీశాను. మూత విప్పి అరచేతిలో నాలుగు పలుకులు పోసుకున్నాను. కిటికీ దగ్గరికెళ్ళి చూశాను. తెలుపే. కానీ పక్కన పెద్ద డబ్బా ఉప్పు పెట్టి చూస్తే, దీనిలో లేత పసుపు ఛాయ ఉంది, ఉతికిన తెల్లబట్టకీ ఉతకని దానికీ ఉన్నంత తేడా.

నీళ్ళలో కరిగింది. బల్బు వెలిగింది.

“ఉప్పే!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“అయానిక పదార్థం,” అన్నాను. “ఉప్పో కాదో ఇంకా చెప్పలేదు.”

గరిటె తుడిచి, చెంచాలో సగం అంత వేసి మేకులు నొక్కాను. పొడిగా ఉన్నంతసేపూ చీకటి. స్టవ్వు మీద పెట్టాను. అందరం గరిటె మీదికి వంగాం. చిటపట లేదు. అంచుల దగ్గర తడి మెరిసింది. ఇంకో అరనిమిషంలో పలుకులన్నీ ఒకదానిలో ఒకటి కుంగిపోయి, గరిటె అడుగున లేత పసుపు రంగు నీరు నిలిచింది.

“పిన్నీ, కరిగిపోయింది!”

ఆమె పీట మీదే బిగుసుకుపోయింది. మొహంలో నెత్తురు లేదు. అయినా గొంతు తొణకలేదు. “దాంట్లో కాగితం ముక్క గానీ పుల్ల గానీ పడనివ్వకు, భగ్గుమంటుంది. మేకులు పెట్టు.”

పెట్టాను. ఎర్ర బల్బు వెలిగింది.

“నీళ్ళలో వెలిగింది, కరిగినా వెలిగింది. కాబట్టి అయానికమే. కానీ స్టవ్వు మీద కరిగింది. కాబట్టి గోడలో ఇటుకలు సమంగా లేవు, ఒక రకం అయాను పెద్దదీ వంకరదీ. వంకర రాళ్ళు పేరిస్తే పట్టు తక్కువ, తొందరగా కూలుతుంది.” ఆమె కళ్ళు మూసుకుంది. “అది తొట్టె ఉప్పురా. సోడియం నైట్రైటు. డాక్టరుకి చెప్పు, పరుగెత్తు.”

అప్పటికే నా వేలు ఫోను మీద ఉంది. “డాక్టరమ్మా, బొద్దింకల మందు కాదు. నైట్రైటు. చేత్తో చేసిన పరీక్ష, కానీ నేర్పినామె నాకు ఎప్పుడూ తప్పు చెప్పలేదు.”

అటు వైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. “అందుకేనా! రక్తం తీస్తే సిరంజిలో చాక్లెట్ రంగులో వచ్చింది. పోలీసుల మాట పట్టుకుని దాన్ని పక్కన పెట్టాను. నైట్రైటయితే రక్తం ఆక్సిజన్ మొయ్యడం మానేస్తుంది... దానికి విరుగుడు నీలం ఇంజక్షన్ ఉంది నా దగ్గర. పెట్టేస్తున్నా.” లైను కట్టయింది.

పన్నెండూ నలభై తొమ్మిది.

ఆ తర్వాతి నిమిషాలు ఎలా గడిచాయో చెప్పలేను. పిన్ని గడియారం వైపు చూడలేదు, తన చేతుల్నే చూసుకుంటూ కూర్చుంది. స్టోర్ బాబు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాడు. “మీ చదువే మేస్త్రి గారిని కాపాడుతుంది పెద్దమ్మా. అక్కడ అమ్మాయి ఒక్కతే ఉంది. నేను వెళ్ళి తోడుంటాను,” అన్నాడు. పిన్ని అతని తల నిమిరి “నీ రుణం ఉంచుకోను నాయనా” అంది. స్కూటర్ చప్పుడు గేటు దాటి వెళ్ళిపోయింది.

ఒంటిగంటకి జీపు డ్రైవరు లోపలికి తొంగి చూశాడు. ఇన్‌స్పెక్టర్ చేత్తోనే పొమ్మన్నాడు. ఆ ఒక్క సైగకి నేను ఆయన పాత మాటలన్నీ మాఫీ చేసేశాను.

ఒంటిగంటా పదహారుకి ఫోను మోగింది. డాక్టరమ్మ. “పెదాలకి రంగొస్తోందండి. ఇప్పుడే కళ్ళు తెరిచి, తొట్టె సెగ తగ్గించారా అని అడిగాడు. బతుకుతాడు. ఆ పెద్దావిడకి నా తరఫున కాళ్ళకి దణ్ణం పెట్టండి. ఇంకో గంట ఆలస్యమయ్యుంటే నేనీ వృత్తి మానేసేదాన్ని.”

నేను చెప్పాను. పిన్ని ఏడవలేదు. లేచి, ఎవరూ ఆపకపోయేసరికి కాస్త తికమకపడి, స్టవ్వు దగ్గరికెళ్ళి నాలుగు కప్పుల టీకి నీళ్ళు పెట్టింది. అప్పుడు ఆమె భుజాలు ఊగడం వెనక నుంచి కనిపించింది. “తొట్టె సెగట,” అంది మాకు వీపు తిప్పే. “చచ్చి బతికి, వాడికి తొట్టె మీదే ధ్యాస. మా అమ్మాయి ఎలా వేగుతోందో.”

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. “పిన్నీ, ఆ రోజు నన్ను ఫెయిలవనిచ్చుంటే ఇవాళ ఈ గరిటె పట్టుకునేవాడు లేడు.”

“నోర్ముయ్. ఆ రోజు నువ్వు పేల్చింది నా జీతంలో పట్టుకున్నారు,” అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “అమ్మా... బొద్దింకల మందని డాక్టరుకి చెప్పింది నేనే. మీరు లేకపోతే ఆ పాపం నా మెడకి చుట్టుకునేది. థాంక్స్.” ఆ మాట ఆయన నోట రావడం నేనెప్పుడూ వినలేదు. బహుశా ఆయనా వినలేదు. వెంటనే నా వైపు తిరిగి, “కానీ తొట్టె ఉప్పు ఆ సీసాలోకి ఎలా వచ్చింది ప్రైవేటూ? వేసింది ఈవిడే కదా,” అన్నాడు.

“అది తేలాలంటే మీరొకటి చెప్పాలి. సంచీలో పొట్లముందని మీకెవరు చెప్పారు?”

“స్టేషన్‌కి ఫోనొచ్చింది. పేరు చెప్పలేదు. మగగొంతు.”

“ఎన్నింటికి?”

ఆయన నోట్‌బుక్ తీశాడు. “పదకొండూ ఇరవై.”

చెప్పేశాక ఆయనే ఆగిపోయాడు. మేస్త్రి కూలింది పదకొండూ ముప్ఫై అయిదుకి.

“సార్,” అన్నాను మెల్లగా, “ఫోన్లో అన్న మాట ఉన్నదున్నట్టు చదవండి.”

ఆయన తటపటాయించాడు. “ఇక్కడికొచ్చి చూస్తే పడిపోయింది మేస్త్రి. ఫోన్ చేసినవాడు కంగారులో తప్పు చెప్పాడనుకున్నా...” అంటూనే నోట్‌బుక్‌లో రాసుకున్నది చదివాడు. “‘టీ గది ముసలమ్మ అల్లుడితో గొడవపడి బొద్దింకల మందు మింగేసింది. సంచీలో పొట్లం ఉంది. త్వరగా రండి.’”

టీ నీళ్ళు మరుగుతున్నాయి.

పిన్ని స్టవ్వు కట్టేసింది. “అది నా గ్లాసురా,” అంది. “నాకు బీపీ తక్కువ, అందరికన్నా ఉప్పెక్కువ వేసుకుంటాను. ఆ చిన్న సీసా నాదే, ఇంకెవరూ ముట్టుకోరు. అందరికీ ఇచ్చాక చివర్న నాకోసం కలుపుకుని పెట్టుకున్నా. నిన్నటి గొడవకి మొహం చెల్లక అల్లుడు గుమ్మంలో నసుగుతూ నిలబడ్డాడు. గిన్నెలో ఏమీ లేదు. నా గ్లాసే చేతిలో పెట్టాను. వాడు ఒక్క గుక్కలో తాగేసి ‘సారీ అత్తయ్యా’ అన్నాడు.”

“నీకిది ఎప్పుడు అర్థమైంది?”

“గరిటెలో కరిగినప్పుడే.”

“అప్పుడే చెప్పొచ్చు కదమ్మా!” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “అరెస్టు తప్పేది.”

“చెబితే మీరిద్దరూ నా సంగతి తేల్చడానికి కూర్చునేవాళ్ళు. ఇరవై నిమిషాలే ఉన్నాయి. అవి వాడివి.” ఆమె కొంచెం తడబడింది. “అయినా నన్ను చంపాల్సినంత పని ఎవరికుంటుంది? వారం నుంచీ తొట్టె అడుగున కరగని ముద్దలు కడుతున్నాయని అల్లుడు తల పట్టుకున్నాడు. నిన్న తొట్టె పక్కన విప్పిన కొత్త డ్రమ్ములోంచి చిటికెడు తెచ్చి నేనే గరిటెలో పెట్టి చూశాను. చిటపటమంది, కరగలేదు. తొట్టె ఉప్పు తీసి అమ్ముకుని ఎవరో తినే ఉప్పు నింపేశారు. నేను కనిపెట్టింది అంతే. అదైనా ఎవరికీ చెప్పలేదు, ఒక్క స్టోర్ బాబుకి తప్ప. సరఫరావాళ్ళ మోసమై ఉంటుంది, నేను చూసుకుంటా పెద్దమ్మా, ఈలోగా బయట అనకండి అన్నాడు. పాపం, వెళ్ళేటప్పుడు నా చిన్న సీసా ఖాళీ అయిందని గమనించి, తనే తీసుకెళ్ళి ఉప్పు నింపి తెచ్చి...”

ఆమె మాట మధ్యలోనే తెగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

ఆ గ్లాసు అత్తయ్యదని చెప్పగలిగే బావ దగ్గరికే స్టోర్ బాబు వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ జీపు వైపు పరుగెత్తాడు. నేను చెల్లాయికి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. గొంతు నిండా నవ్వూ ఏడుపూ కలిసిపోయి ఉన్నాయి.

“అన్నయ్యా! ఈయన మాట్లాడుతున్నారు! మీ రుణం ఎలా తీర్చుకోను? అందరూ దేవుళ్ళలా వచ్చారు. స్టోర్ బాబాయి కూడా వచ్చారు, నర్సుని భోజనానికి పంపేసి తనే కూర్చున్నారు. ఈయనకి నోరెండిపోతోందంటే గ్లూకోజు నీళ్ళు కూడా తనే కలిపి...”

“ఆ గ్లాసు ఆయన నోటి దగ్గరికి వెళ్ళనివ్వకు. పారబోసెయ్. ఇప్పుడే!”

అటు కుర్చీ కదిలిన చప్పుడు. తర్వాత నేల మీద నీళ్ళు పడ్డ చప్పుడు.

“పారబోశాను,” అంది చెల్లాయి. గొంతు సన్నగా అయిపోయింది. “కానీ అన్నయ్యా... బాబాయి లేచి తలుపు గడియ పెడుతున్నారేంటి?”